నురగ నిలవని ఆదివారాలు

ఆరేళ్లుగా ఒక సంగతి మోస్తున్నాను. చిన్నదే. విన్నవాళ్లు నవ్వొచ్చు. నవ్వినా సరే, మీరు చివరిదాకా వినండి.

నా భార్య చనిపోయిన ఏడాది ఆత్మకూరులో మా కిరాణా కొట్టు తీయడం, మూయడం తప్ప నాకు వేరే బతుకు లేదు. ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూశాక ఇంట్లోకి పోబుద్ధి కాక కొట్టు మెట్ల మీదే కూర్చునేవాణ్ని. అప్పుడు వచ్చాడు మాలకొండయ్య. ఉదయగిరి బళ్లో నాతో చదువుకున్నవాడు, సైన్సు మాస్టరుగా రిటైరయ్యాడు. సొంతంగా బీరు చేయాలని వాడికి పిచ్చి. వాళ్లింట్లో ఒప్పుకోరని మా వంటింట్లో మొదలుపెట్టాడు. ప్రతి ఆదివారం ఉదయగిరి బస్సు దిగి వచ్చేవాడు. బార్లీ మొలకెత్తించి, ఎండబెట్టి, ఉడికించి, పులియబెట్టేవాడు. రుచి కుదిరింది. నురగ మాత్రం గ్లాసులో పోసిన నిమిషానికే అణిగిపోయేది. గోధుమలు కలిపాడు, మరిగించే సేపు మార్చాడు, వాచీ చూసి నోటుబుక్కులో రాసుకున్నాడు. లాభం లేకపోయింది.

ఒక ఆదివారం నూనె గిన్నెలు తోమే పాత పీచు కనబడక, కొత్త పీచుతో గ్లాసులు తోమాను. ఆరోజు నురగ రెండు వేళ్ల మందాన నిలబడింది. వచ్చే వారం కూడా ఇలాగే నిలిస్తే ఇక పని అయిపోయినట్టేనని వాడు మురిసిపోయాడు. పాత పీచు నుంచి గ్లాసులకు అంటిన జిడ్డే నురగను అణిచేస్తోందని నాకు అర్థమైంది. పని అయిపోతే వాడు రాడని కూడా అర్థమైంది.

మరుసటి వారం వేలితో రెండు గ్లాసుల లోపలా వేరుశనగ నూనె పూశాను. తెలిసే పూశాను. ఏడాదిపాటు పూస్తూనే ఉన్నాను.

ఒకసారి వాడే అడిగాడు.

"గ్లాసుల్లో ఏమన్నా జిడ్డు ఉండాదేమోరా?"

"నేనే కడిగినాను గదా."

"నువ్వు కడిగినాక ఇంక అనుమానమేంది. నా చెయ్యే మంచిది కాదు."

అప్పుడైనా ఎందుకు చెప్పలేదు? ఒంటరిగా ఉండలేననే భయం నిజమే. కానీ నా భయం కోసం, ముప్పై ఏళ్లు పిల్లలకు ప్రయోగాలు నేర్పినవాడు తనకేమీ రాదని నమ్మేదాకా చూస్తూ ఊరుకున్నానే, దాన్ని ఏమనాలి?

చివరికి వాడు విసిగి, సామాను మూటగట్టి మా అటక మీద పెట్టించాడు. ఇక రాడనుకున్నాను. తర్వాతి ఆదివారం అదే బస్సు దిగి వచ్చాడు. టీ పెట్టమన్నాడు. ఊళ్లో సంగతులు చెప్పి సాయంత్రం వెళ్లాడు. ఇప్పటికీ వస్తున్నాడు. అసలు మొదటినుంచీ వాడు నాకోసమే వచ్చాడని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. ఈరోజు నేను మనిషిగా మిగిలానంటే వాడి పుణ్యమే.

వాడికి ఇంకా చెప్పలేదు. చెబితే నవ్వుతాడో, లేచి బస్సెక్కుతాడో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆ నూనె పూసింది నేనే. ఈ ఒక్క మాట బయటపెట్టాక ఊపిరి కాస్త ఆడుతోంది.