తప్పంతా రాగిసంగటిదే అనుకున్నాం

ఆపరేషన్ గదిలోంచి బయటికి వచ్చిన డాక్టరు మాస్కు దించి, “పాపకు గండం గడిచిందన్నా. చిన్నపేగుకు పుట్టుకతోనే సంచి మాదిరి ఒకటుండాది. రక్తం పోయింది దాంట్లోంచే. తీసేసినాం,” అన్నాడు.

మా ఎనిమిదేళ్ల పాప రెండు నెలలుగా పాలిపోతోంది. మలం నల్లగా పోతోందని నేనంటే మా అమ్మ కొట్టిపారేసింది. “మూడు పూటలా రాగిసంగటి తినే బిడ్డకు నల్లగా పోక తెల్లగా పోతాదా? పేపరోడివి, నీకన్నీ అనుమానాలే!”

ఇరవై ఏళ్లు విలేకరిగా అందరినీ ప్రశ్నించిన నేను నవ్వి ఊరుకున్నాను. పాపకు నొప్పి కూడా లేదు మరి. ఒకరోజు బడిలో ప్రార్థన జరుగుతుండగా వరుసలోనే కుప్పకూలింది. ఆసుపత్రిలో చూసి, మలం నల్లబడింది లోపల కారిన రక్తంతోనేనని, ఒంట్లో సగం రక్తం కూడా లేదని అన్నారు.

“మళ్లీ వస్తుందా డాక్టరుగారూ?” అని ఆపరేషన్ గది బయటే అడిగాను.

“రాదులేన్నా. కుట్లు మానితే అందరి మాదిరే ఆడుకుంటాది, పెద్దదవుతాది, ముసలిదీ అవుతాది.”

మూడేళ్లయింది. పాప బాగుంది. దాని కవల చెల్లికీ అలాంటి సంచి ఉందేమోనని అడిగితే, నొప్పి గానీ రక్తం గానీ కనిపించనిదే వెతకాల్సిన పని లేదన్నాడు డాక్టరు. మేం వెతికించలేదు. ఉందో లేదో ఈ రోజుకీ తెలియదు.