మగ్గం సొంతం, పడుగు షావుకారుది

2018 వేసవిలో నన్ను సహాయ కార్మిక అధికారిగా విజయవాడకు బదిలీ చేశారు. కనీస వేతనాలతో పాటు ప్రసూతి ప్రయోజనాల ఫిర్యాదులు విచారించడం కూడా మా పని. ఆ ఫిర్యాదులు ఎక్కువగా దుకాణాల్లో, ప్రైవేటు ఆసుపత్రుల్లో పనిచేసే స్త్రీల నుంచి వచ్చేవి. చేనేత ఇంటి నుంచి నాకు వచ్చింది ఒక్కటే.

ఆమె పేరు శివపార్వతి. బందరు వైపు ఒక ఊళ్ళో ఇంట్లోనే గుంట మగ్గం నేసేది. ఏడో నెల గర్భిణి. రక్తపోటు పెరిగిందని, మగ్గం దిగాలని డాక్టరు చెప్పారు. గుంటలో కాళ్ళు దించి తొక్కుతూ, నేసిన బట్ట చుట్టుకునే అడ్డకర్ర పొట్టకు ఆనేలా ముందుకు వంగి నేయాలి. భర్తకు నడుం పట్టేసి మంచంలో ఉన్నాడు. ఆమె దిగితే మగ్గం ఆగిపోతుంది, మగ్గం ఆగితే ఇల్లు గడవదు. ప్రభుత్వం ఇచ్చే సాయం అప్పట్లో మొదటి కాన్పుకే. ఆమెకిది రెండోది. అంగన్‌వాడీ కార్యకర్త చెబితే మా దగ్గరికి వచ్చింది.

చట్ట ప్రకారం వేతనంతో కూడిన ప్రసూతి సెలవు యజమాని కింద పనిచేసే స్త్రీకే ఉంటుంది. నెలజీతం లేకపోయినా, చీరకింతని మజూరీ తీసుకునేవారు కూడా అందులోకి రావచ్చు. ఇళ్ళలో నేసేవాళ్ళ విషయంలో వాదనలున్నాయి. అయినా ఆమెకు పడుగుకూ పేకకూ నూలిచ్చి, చీరలు తీసుకునే షావుకారుకు విజయవాడ వన్‌టౌన్‌లో చట్టం వర్తించేంత పెద్ద దుకాణమే ఉంది. విచారణకు ఆధారం ఉందనిపించి, అతన్ని కూడా ఆమె ఇంటికి రమ్మన్నాను. వాంగ్మూలం ఇరుపక్షాల ముందే తీసుకోవాలి.

ఎవరి దగ్గర పనిచేస్తున్నారని మొదట అడగడం మా శాఖలో ఆనవాయితీ. అడిగాను. శివపార్వతి కంటే ముందు అత్తగారు అందుకుంది.

"పనిచేయడమేంటండీ? మా మగ్గం మాది. మా మామగారి కాలం నుంచీ ఉంది. మా ఇంటి కోడల్ని కూలిదని రాసుకుంటారా?"

షావుకారు నవ్వాడు. "నేను చెప్పేదీ అదేగదండీ. వీళ్ళు రాజులు. నేను నూలు మోసే గాడిదని."

మీరే చెప్పాలమ్మా అని శివపార్వతితో అన్నాను. కూలి అని చెబితే నష్టమేమీ లేదని, చెప్పకపోతే ఫిర్యాదు నిలవదని వివరించాను. ఆమె అత్తగారి వైపు, వాకిట్లో చేరిన చుట్టుపక్కల మగ్గాలవాళ్ళ వైపు చూసింది. "సొంత మగ్గమేనండీ" అంది.

"మరి ఈ నెల ఆపగలరా?"

"పడుగెక్కించేశారు గదండీ. మధ్యలో ఆపితే ఇంకో పడుగియ్యరు."

"నేనాపమన్నానా, ఆపొద్దన్నానా?" అన్నాడు షావుకారు.

ఇవన్నీ రాసి, చదివి వినిపించి, సంతకాలు తీసుకున్నాను. పై అధికారి మొదటి జవాబు దగ్గరే ఆగారు. యజమాని లేడని ఆమే చెప్పాక యజమాని మీద ఉత్తర్వు ఎలా ఇస్తామన్నారు. చట్టం ప్రకారం ఆయన అన్నది తప్పు కాదు. ఫైలు మూసేశారు.

శివపార్వతి నేస్తూనే ఉంది. ఎనిమిదో నెలలో ఫిట్స్ వచ్చాయి. విజయవాడ తీసుకొచ్చేసరికి బిడ్డ కడుపులోనే పోయాడు. రెండో రోజు ఆమె కూడా పోయింది.

అంగన్‌వాడీ కార్యకర్త ఫోను చేస్తే వెళ్ళాను. ఆఫీసు తరఫున వెళ్ళాల్సిన పనేమీ లేదు. కోడలు సగంలో వదిలిన చీర అత్తగారు నేస్తోంది. నన్ను చూసి చెయ్యి ఆపింది.

"ఆ రోజు కూలిదని చెప్పుంటే సెలవు డబ్బులిచ్చేవాళ్ళాండీ?"

"ఖాయంగా చెప్పలేనమ్మా. విచారణ మాత్రం ముందుకు సాగేది."

ఆమె తలూపింది. మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

ఆ తరువాత పదవీ విరమణ దాకా ఇంటి దగ్గరే పనిచేసి ఇచ్చేవాళ్ళ ఫిర్యాదుల్లో ఆనవాయితీ ప్రశ్నను చివర్లో అడిగాను. సరుకెవరిది, నమూనా ఎవరు చెబుతారు, మజూరీ ఎవరు నిర్ణయిస్తారు, పని ఆపితే ఏమవుతుంది అన్నవి ముందు అడిగి రాశాను. కొన్ని ఫిర్యాదులు నిలిచాయి, ఎక్కువ నిలవలేదు. నిజంగానే ఎవరి కిందా లేని స్త్రీలు కూడా వచ్చేవారు. టిఫిన్ బండి వాళ్ళు, ఇంట్లో జాకెట్లు కుట్టేవాళ్ళు. వాళ్ళను అడగడానికి నా దగ్గర ప్రశ్నలే ఉండేవి కావు. ప్రసవానికి ముందు వాళ్ళు పని ఆపాలంటే ఆ రోజుల తిండి ఎవరు పెట్టాలో నేను అమలు చేసిన చట్టంలో లేదు.