మింగళాడోన్‌లో ఏడు జిల్లేడాకులు

మా అత్తకు ఈసారి కూడా రథసప్తమి స్నానం చేయించాలనే రంగూన్ నుంచి మింగళాడోన్ బయలుదేరాను. ఆవిడ పుట్టింది అరసవల్లి వైపు. ఆ రోజు నెత్తిన, భుజాల మీద ఏడు జిల్లేడాకులు పెట్టుకుని నీళ్లు పోసుకోకపోతే మనసు ఊరుకోదు. ఇప్పుడు చూపు బాగా తగ్గింది. "సూరీడు కనబడకపోతే పోనీ, ఆకైనా నెత్తినుండాల" అంది. మేముండే సేక్కాన్ రేవు దగ్గర ఒక్క మొక్క లేదు. మనవాళ్లే పీకేశారు. జిల్లేడు మొలిస్తే కొంప పాడుబడుతుందట! ఏడాదంతా పీకి పారేసి ఒక్కరోజు నెత్తిన పెట్టుకునే ఈ భక్తిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పండగ ముందురోజు పొద్దున్నే రైలెక్కాను. ఇన్సిన్ దాకా మూడో తరగతి టికెట్టు కొన్ని అణాలే. అక్కడి నుంచి జట్కా. బేరం ముందే తేల్చుకోండి. నా జట్కా దండాసిది, గంజాం మనిషి. మింగళాడోన్‌లో సైనికులు దిగే కొత్త దండు కోసం బయళ్లు చదును చేస్తున్నారు. కిందటేడు జిల్లేడు పొదలున్న చోట బూడిద కనబడింది.

"ఏటయిపోనాయి దండాసీ?"

"మేస్త్రీ కొట్టించీసినాడమ్మా. కూలోళ్ల గుడిసెల కాడ అరిష్టమంట. మొన్ననే తగలెట్టీసినారు."

ఎండలో తిరగ్గా తిరగ్గా, మధ్యాహ్నానికి గుర్రాల నీళ్లతొట్టి వెనక ఒకే ఒక మొక్క దొరికింది. ఆకుల మీద నలుపు, తెలుపు, పసుపు చారల పురుగులు. జిల్లేడు పాలు మన కంట్లో పడితే మంట. ఆ పురుగులకు మాత్రం అదే తిండి, అదే కాపలా. ఆ విషం ఒంటబట్టిన పురుగునీ, అది రేపు మారబోయే నారింజరంగు సీతాకోకచిలుకనీ పిట్టలు ముట్టవు. పురుగులు లేని ఆకులు ఏడు వెతికి కోసుకున్నాను. ఇంతలో ఆ మేస్త్రీయే, దండాసి దూరం నుంచి చూపించాడు, బుట్ట పట్టుకుని వచ్చాడు.

"సెల్లెమ్మా, మా ఇంట అయిదుగురం. మిగిలినవి నాను కోసుకుంతాను."

"కొట్టించినోడివి నువ్వే కదేటి? అరిష్టాన్ని నెత్తినెట్టుకుంతావా?"

"అది ఏరు, పండగ ఏరు."

"పురుగులున్నాయి, కనబడలేదేటి?"

"దులిపీస్తే పోతాయి."

మొక్కకు అడ్డంగా నిలబడ్డాను. దండాసి కూడా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. మేస్త్రీ గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. కానీ చివరి రైలు అందుకోవాలి కదా, నేనూ బయలుదేరక తప్పలేదు.

ఇంటికొచ్చాక అత్త ఆకుల్ని వేళ్లతో తడిమి చూసింది. "ఇదేటే, కదుల్తన్నాది?" ఒక ఆకు అడుగున చిన్న పురుగు, నా కంటబడలేదు. సంగతి చెప్పాను. "నాకు ఆరు సాలు. ఇది దాని కూడు. అట్టుకెళ్లి దాని సోట ఒదిలీసి రా" అంది.

తెల్లారి ఆరాకులతోనే నీళ్లు పోశాను. ఆ ఏడో ఆకును పురుగుతో సహా డబ్బాలో పెట్టుకుని మళ్లీ అదే రైలు, అదే జట్కా. నీళ్లతొట్టి వెనక మోడు నిలబడి ఉంది. ఒక్క ఆకు మిగల్చలేదు. కింద దుమ్ములో దులిపేసిన పురుగుల మీద చీమలు పాకుతున్నాయి. నా డబ్బాలోది సాయంత్రానికి కదలడం మానేసింది.

సూర్యుడికి ఇష్టమైన ఆకు అంటాం. ఆ సూర్యుడే ఎండబెట్టిన నేల మీద, ఎవరూ నీళ్లు పోయకుండా, ఇన్ని ప్రాణాలను సాకే మొక్కను ఇల్లు పాడుచేసేదని కూడా మనమే అంటాం. పాడుచేసింది ఎవరో ఆ తొట్టి వెనక చూశాను. నా కోపం ఇంకా దిగలేదు.

మీరు వెళితే చిన్న కత్తి పట్టుకెళ్లండి. మూరెడు కొమ్మ కోసి, పాలు ఆరాక నాటండి. ఆ మోడు నుంచి నేను తెచ్చిన కొమ్మ ఇప్పుడు మా గుమ్మం పక్కన చిగురు వేసింది. కొంప పాడుబడుతుందని వీధివాళ్లు అత్తతో చెప్పిపోతున్నారు. ఆవిడ రోజూ తడుముకుంటూ వెళ్లి దానికి నీళ్లు పోస్తోంది.