డబ్బాలక్కా, పిలవని నాలుగు శిఖరాలూ

డబ్బాలక్కకు ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. రియాక్టర్ పక్కనున్న వర్క్‌షాపులో ఆవిడ లేత్ మిషన్ మీద లోహాన్ని తిప్పి చెక్కే టర్నరు. ఇరవై రెండేళ్లుగా ఆవిడ చేతిలోంచి వస్తున్నది ముఖ్యంగా ఒకటే వస్తువు, చిటికెన వేలంత లోహపు డబ్బా. పరిశోధకులు తమ పొడిని అందులో పోసి, మూత బిగించి, రియాక్టర్లోంచి దూసుకొచ్చే న్యూట్రాన్ల దారిలో నిలబెడతారు. న్యూట్రాన్లు పొడికి తగిలి నలువైపులా చెదురుతాయి. ఏ వైపు ఎన్ని వెళ్లాయో లెక్కపెడితే కంప్యూటర్లో ఒక గీత వస్తుంది. ఆ గీతలో ఎక్కడెక్కడ శిఖరాలు, వాళ్ల భాషలో పీకులు, లేచాయో చూసి, లోపల పరమాణువులు ఎలా సర్దుకుని కూర్చున్నాయో చెబుతారు.

చిక్కల్లా డబ్బాతోనే. మామూలు లోహంతో చేస్తే అది ఊరుకోదు. ‘నేనూ ఉన్నా’నంటూ తన శిఖరాలు కూడా తోసుకొస్తుంది. అందుకే వనేడియం అనే లోహంతో చేస్తారు. అది న్యూట్రాన్ల ముందు దాదాపు నోరు మెదపదు.

ఇంట్లో అత్తగారికి ఇదంతా ఎంత చెప్పినా తలకెక్కలేదు.

“ఏమ్మా, అంత పెద్ద సైన్సు ఆఫీసులో, కనిపించకుండా ఉండే డబ్బా చేసినందుకు నీకు జీతమిస్తారా?”

“కనిపించకపోవడమే దాని గొప్ప, అత్తయ్యా.”

“అలాగైతే మీ మామగారికి ఇంకా ఎక్కువివ్వాలి. ఇంట్లో పనున్నప్పుడు ఆయనా అంతే!”

పేపరు చదువుతున్న మామగారు పేపరు ఇంకొంచెం పైకెత్తుకున్నారు.

ఆ వారం ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. బ్యాటరీల్లో వాడే కొత్త పొడి ఒకటి సీసాలో పట్టుకొచ్చింది. అందులో లిథియం ఎక్కడ దాక్కుందో తేల్చాలని ఆమె పట్టుదల. ఆ న్యూట్రాన్ల యంత్రం మీద నాలుగు రోజుల సమయం కోసం ఎనిమిది నెలలు ఎదురుచూసిందట. పొడి తక్కువగా ఉంది కాబట్టి డబ్బా మరీ సన్నగా కావాలంది.

వనేడియం మొండి లోహం, పైగా ఖరీదు. అందుకని డబ్బాలక్క ముందు అల్యూమినియంతో అదే కొలతకు ఒకటి చేసి, మూత సరిగ్గా పడుతోందని చూసుకుని, ఆ తర్వాతే అసలుది చేసింది. అసలు డబ్బాను సొరుగులో పెట్టి, ఉత్తుత్తి డబ్బాను బల్ల మీదే వదిలేసి భోజనానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి బల్ల మీద చిన్న చీటీ. ‘డబ్బా తీసుకున్నాను అక్కా, చాలా బాగుంది!’

బాగుందన్న మాట చూసి మురిసిపోయిందే గాని, ఏ డబ్బా బాగుందో ఆలోచించలేదు.

ఆ నాలుగు రోజుల్లో మూడో రోజు పొద్దున్నే కొలత పరికరం కోసం సొరుగు లాగింది. వనేడియం డబ్బా బస్సు తప్పిపోయిన ప్రయాణికుడిలా అక్కడే కూర్చుని ఉంది. డబ్బాలక్కకు గుండె జారి చెప్పుల్లో పడింది.

యంత్రం హాల్లోకి పరుగులాంటి నడకతో వెళ్లింది. అక్కడ సందడే సందడి. గోడకు ఒక గీత అతికించి ఉంది. అందులో ఎవరూ ఊహించని నాలుగు శిఖరాలు. యంత్రానికి పెద్ద అయిన సారు చేతులు నలుపుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆయన్ను అందరూ పెద్దసారంటారు. అప్పటికే వ్యాసానికి పేరు కూడా రాసేశారు. ఆ పేరే మూడు వరుసలుంది. విద్యార్థిని ముఖం వెలిగిపోతోంది.

“అక్కా! కొత్త నిర్మాణం దొరికింది! మీ డబ్బా చలవే!”

నోరు మూసుకుని వెళ్లిపోవచ్చు. సొరుగు సంగతి ఆవిడకు తప్ప ఎవరికీ తెలీదు. ఆ పిల్ల నవ్వు చూస్తుంటే అలాగే చెయ్యాలనిపించింది కూడా. కానీ రేపు ఆ కాగితం అచ్చయ్యాక ఇంకెవరో ఇంకెక్కడో ఇదే పొడిని కొలిస్తే ఈ నవ్వు ఏమవుతుంది?

“ఆ నాలుగూ నావేనండీ,” అంది.

“మీవా?” అన్నారు పెద్దసారు.

“అల్యూమినియంవి. మీరు పెట్టింది ఉత్తుత్తి డబ్బా. అసలుది ఇదిగో.” అరచెయ్యి తెరిచి చూపించింది.

పెద్దసారు ముఖం ముడుచుకుంది. “అల్యూమినియం శిఖరాలు నాకు తెలీవామ్మా? పుస్తకంలో పట్టిక ఉంది. ఇవి ఆ చోట్లలో లేవు, పక్కకున్నాయి.”

“మీరు పొడిని ఎంత చలిలో పెట్టారండీ?”

“నీళ్లు గడ్డకట్టే చలికంటే చాలా కింద. ఎందుకు?”

“చలికి డబ్బా కూడా ముడుచుకుంటుంది కదండీ. మరి దాని శిఖరాలు ఉన్నచోట ఎలా ఉంటాయి?”

పెద్దసారు కాలిక్యులేటర్ తీశారు. ఒకసారి నొక్కారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ నొక్కారు. తర్వాత కుర్చీ కోసం వెనక్కి చూశారు.

“అయితే ఆ నాలుగు పీకులూ మన పీకల మీదికే వచ్చాయన్నమాట!”

విద్యార్థిని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “నేనే అడక్కుండా తీసుకెళ్లాను.”

“చీటీ అతికించకుండా వదిలేసింది నేను,” అంది డబ్బాలక్క. “ఇద్దరం తలా సగం ఏడుద్దాంగానీ తర్వాత. రేపు సాయంత్రం దాకా టైముందిగా?”

ఇక ఏడవడానికి ఎవరికీ తీరిక దొరకలేదు. యంత్రాన్ని ఆపి, డబ్బాను మామూలు వేడికి తెచ్చేసరికే నాలుగు గంటలు పట్టింది. రేడియేషన్ చూసే ఉద్యోగి మీటరు పెట్టి ‘సరే’ అన్నాక, తూకం వేశారు. వనేడియమంత బరువు లేదు, అల్యూమినియమే. పొడిని గింజంత కూడా ఒలకకుండా వనేడియం డబ్బాలోకి మార్చింది డబ్బాలక్కే. గాలి చొరకుండా మెత్తటి లోహపు తీగ చుట్టి మూత బిగించి, “వెళ్లి నోరు మెదపకుండా కూర్చో,” అని డబ్బాకు చెప్పి పంపింది.

మర్నాటి గీతలో ఆ నాలుగు శిఖరాలూ లేవు. వాటి నీడలో నిన్నటిదాకా కనపడని చిన్న చిన్న ఎత్తుపల్లాలు మాత్రం శుభ్రంగా తేలాయి. లిథియం ఎక్కడుందో వాటిని బట్టి తెలిసింది. ఉంటుందని విద్యార్థిని అనుకున్న చోటే ఉంది. ప్రపంచం తలకిందులు కాలేదు గాని ఆమె చదువు ఒడ్డెక్కింది. మూడు వరుసల పేరు ఒక వరుసకు తగ్గింది. చివర్లో కృతజ్ఞతల్లో డబ్బాలక్క అసలు పేరు అచ్చయింది. అది ఎవరిదో తెలీక హాల్లో సగం మంది ఒకరినొకరు అడిగారు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం పెద్దసారు మొదటిసారి వర్క్‌షాపు మెట్లెక్కారు. లేత్ గురించీ ఎండల గురించీ కాసేపు మాట్లాడి, చుట్టూ చూసి, జేబులోంచి మడతలు పడ్డ పాత కాగితం తీశారు.

“ఇందులో కూడా ఒక పీకు ఉంది. ఆరేళ్ల నుంచీ నాకు అనుమానం.”

డబ్బాలక్క చేతులు తుడుచుకుని, కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది.

“ఇది అల్యూమినియం కాదు సార్.”

“హమ్మయ్య!”

“రాగి. అప్పట్లో డబ్బాను పట్టే పిడి రాగిదే కదండీ.”

పెద్దసారు కాగితం వెనక్కి తీసుకుని మళ్లీ మడతపెట్టారు.

“అది అచ్చయిపోయిందమ్మా,” అన్నారు.

“సవరణ అచ్చెయ్యరా అండీ?” అంది ఆవిడ, ఆయనకు స్టూలు జరుపుతూ.