పద్దెనిమిది పుంజాల తెర

నేను చూసిన సినిమాలన్నీ ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను. చూసిన తేదీ, ఊరు, ఎవరితో వెళ్లాను, ఎంతసేపు నడిచింది అన్నీ ఉంటాయి. మొదటి తొమ్మిదింటి పక్కన ఎర్ర సిరాతో ఒక గీత ఉంటుంది. ఆ తొమ్మిదీ నేను తెరకు వెనుక కూర్చుని చూసినవి.

మాది దేవరకొండలో నేత కుటుంబం. వేసవిలో టూరింగ్ టాకీస్ వచ్చి ఖిలా కింద మైదానంలో డేరా వేసేది. డేరా మధ్యలో తెర కట్టేవారు. యంత్రం ఉన్న వైపు మగవాళ్లు, అవతలి వైపు ఆడవాళ్లు. ఆట మొదలయ్యే ముందు ఒకతను తెర మీద నీళ్లు చల్లేవాడు. తడిసిన పలుచని బట్టలోంచి బొమ్మ మా వైపుకు కూడా దిగేది. కొంచెం మసకగా, కుడిఎడమలు తారుమారుగా కనిపించేది.

"థూ, రాజు కొడుకంట, ఎడమ చేత్తోని తింటుండు," అంది అవ్వ మొదటిరోజు. అవ్వ అంటే బాపు తల్లి.

"రాజులకు ఎవలు చెప్తరవ్వా? ఏ చెయ్యి ఖాళీగుంటె గా చెయ్యి," అంది పక్కింటామె.

పేర్లు కుడి నుంచి ఎడమకు నడిచేవి కాబట్టి అందరూ అది ఉర్దూ అనుకున్నారు. అవి తిరగబడ్డ తెలుగు అక్షరాలని నేను చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. ఎవరికీ ఫిర్యాదు లేదు. బొమ్మ కనిపిస్తే చాలు.

తరువాత రెండు వేసవులు డేరా రాలేదు. ఒకవైపు రజాకార్లు, ఒకవైపు సంఘం దళాల కోసం పోలీసుల గాలింపు. నలుగురు ఒకచోట కూర్చుంటేనే అనుమానించే రోజులు. పోలీసు చర్య జరిగిన ఏడు నెలలకు, ఫసలీ 1358 ఖుర్దాద్‌లో, అంటే 1949 ఏప్రిల్‌లో మళ్లీ వచ్చింది. రోజుకు ఒకే ఆటకు అనుమతి. తొమ్మిదింటికల్లా ముగించి జనాన్ని ఇళ్లకు పంపాలని మిలిటరీ వాళ్ల షరతు. అప్పుడు నాకు పన్నెండేళ్లు. వారంలో మూడు సినిమాలు చూశాను. నాలుగోదానికి ఇంకా మారకముందే సుడిగాలికి తెర నిలువునా చిరిగిపోయింది.

మరునాడు పొద్దున డేరా యజమాని మా ఇంటికి వచ్చాడు. చిరిగిన తెర ముక్క ఒకటి తెచ్చి మగ్గం గుంట పక్కన పరిచాడు.

"సాలాయనా, గీసారి గట్టిగ నెయ్యాలె. బొమ్మ మబ్బుగుందని ముందట కూసున్నోళ్లు ఒకటే లొల్లి. వెలుతురంత ఎనుకకే పోతాంది."

"ఎంత గట్టిగ?"

"నేసినంక గంజిల సున్నం కలిపి పూస్త. పలుచగుంటే సున్నం నిలవదు. ఎన్ని పుంజాలు పెడ్తవో నీ ఇష్టం."

బాపు ఆ ముక్కను వేళ్ల మధ్య నలిపి చూశాడు. "ఇది పన్నెండు పుంజాలది. నేను పద్దెనిమిది పెడ్త," అన్నాడు.

పుంజం అంటే నూట ఇరవై పోగులు. మా మగ్గం మీద గుడ్డ నలభై అయిదు అంగుళాల పన్నా, అంటే వెడల్పు, వస్తుంది. పన్నెండు పుంజాలైతే అంగుళానికి ముప్పై రెండు పోగులు, పద్దెనిమిదైతే నలభై ఎనిమిది. యజమాని వెళ్లిపోయాక నేను ఆ తెర ముక్కను సూదితో లెక్కపెట్టాను. సరిగ్గా ముప్పై రెండే. దాని వెనుక చెయ్యి పెట్టి ఎండకు పట్టుకుంటే అయిదు వేళ్లూ కనిపించాయి. బాపు నేసిన పద్దెనిమిది పుంజాల దుప్పటి వెనుక చెయ్యి పెడితే ఒక్క వేలూ కనిపించలేదు. దానికి ఇంకా సున్నం కూడా పూయలేదు.

వెళ్లి అవ్వకు చూపించాను. అవ్వ నేరుగా బాపు దగ్గరికి పోయింది.

"ఏం కొడుకా, గట్ల నేస్తే ఎనుక కూసున్న మాకేం కనవడ్తది?"

"వాడు అడిగింది గదే అమ్మా. నూలు తూకమేసి ఇచ్చిండు, గుడ్డ తూకమేసి తీస్కుంటడు. పలుచగ నేస్తే మిగిలిన నూలు నేను దొంగిలించినట్టే గద."

ఆ రోజుల్లో నూలు పర్మిట్ మీద దొరికేది. చిటికెడు తక్కువైనా పేరు పోతుంది. నేను నేల మీద బొగ్గుతో లెక్క వేశాను. తెరకు పక్కపక్కన కుట్టే నాలుగు పన్నాలు పద్దెనిమిది పుంజాలతో నేసే నూలుతో, పడుగూ పేకా రెండూ అదే పాలు తగ్గిస్తే, పన్నెండు పుంజాలవి ఆరు పన్నాలు దిగుతాయి. తూకం తూకంగానే ఉంటుంది, తెర ఇంకా పెద్దదవుతుంది.

బాపు నా లెక్కను మొదటి నుంచి చివరిదాకా చూశాడు. "లెక్క సరిగనే ఉంది బిడ్డా. కని నేను పద్దెనిమిదని చెప్పిన," అన్నాడు. అంతటితో ఆ మాట అయిపోయింది.

కండెలు చుట్టే పని మా ఇంట్లో ఆడవాళ్లది. ఎనిమిది రోజులు రాట్నం దగ్గర అమ్మ, అవ్వ, నేను వంతులవారీగా కూర్చున్నాం. మాకు బొమ్మ కనిపించకుండా చేసే నూలును మేమే చుట్టి ఇచ్చాం. రెండో రోజు నేను చెయ్యనని మొండికేస్తే, "ఇంటి పని మీద అలుగుడేంది?" అని అమ్మ రాట్నం నా ముందుకు తోసింది. అవ్వ మాత్రం ఆ ఎనిమిది రోజులూ బాపుతో అవసరానికి మించి మాట్లాడలేదు.

తెర కట్టిన సాయంత్రం ఆడవాళ్లం ఇరవై ఒక్కమందిమి వచ్చాం. నీళ్లు చల్లారు. యంత్రం తిరిగింది. అవతల మగవాళ్లు ఈలలు వేశారు. మా ముందు నల్లటి గోడ. పాట వినిపిస్తోంది, గుర్రం పరుగెత్తుతోంది, ఎవరో ఏడుస్తున్నారు. ఎవరు ఏడుస్తున్నారో, ఎందుకో తెలియదు.

పావుగంట చూసి అవ్వ లేచి నిలబడింది.

"చెవులతోని సూసుడు నాతోని గాదు. లే పొల్లా."

చాప ఒక చేత్తో, నన్ను ఒక చేత్తో పట్టుకుని గుంజ పక్క నుంచి అవతలికి నడిచింది. అమ్మ కదలలేదు. "మీ బాపు కూసున్న దిక్కు నేనెట్లొస్త?" అని గుసగుసగా అంది. మాతో కలిపి ఏడుగురం వెళ్లాం. పద్నాలుగు మంది చీకట్లోనే ఉండిపోయారు.

మమ్మల్ని చూడగానే మగవాళ్లు అరిచారు.

"ఓ అవ్వా, అడ్డం లెవ్వు!"

"గిదేం పద్ధతే, మొగోళ్ల దిక్కు వస్తరా?"

"నీ మొకం సూడ రాలేదు కొడుకా, అది రోజు సూస్తనే ఉన్న," అంది అవ్వ. "బొమ్మ సూడొచ్చిన."

కొందరు నవ్వారు. యజమాని టార్చి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "అవ్వా, మీ జాగ ఎనుక. పోండ్రి."

"ఎనుక సున్నం గోడ కట్టినవ్ గద. గోడను సూడమంటవా?"

అతను ఏదో అనబోయాడు. మూడో వరుసలోంచి బాపు లేచాడు. అంతమంది ముందు మమ్మల్ని వెనక్కి పంపేస్తాడనే అనుకున్నాను. బాపు మా వైపు చూడలేదు. పక్కనున్న ఇద్దరితో, "మా అమ్మ. జర జరుగుండ్రి," అన్నాడు.

వాళ్లు జరిగారు. వాళ్ల పక్కవాళ్లూ జరిగారు. ఆట ఆపి పంచాయితీ పెడితే తొమ్మిదింటికి ముగియదని యజమానికి తెలుసు. టార్చి ఆర్పి వెళ్లిపోయాడు. మేం ఏడుగురం ఎడమ వైపు చాపలు పరుచుకున్నాం.

ముందు నుంచి చూస్తే అంత వెలుతురు ఉంటుందని నాకు తెలియదు. రాజకుమారి కళ్లలో నీళ్లు కనిపించాయి. ఆమె చీర అంచు మీది పూలు లెక్కపెట్టగలిగాను. నేత గట్టిగా ఉండడం వల్లే అలా ఉందని ఆ వయసులోనూ అర్థమైంది. బాపు మీద కోపం సగం పోయింది, సగం ఉండిపోయింది.

ఇంటికి వస్తుంటే బాపు, అవ్వ ముందు నడిచారు. అమ్మ నా భుజం పట్టుకుని వెనుక ఆపింది.

"గా పాటల ఏడ్సింది ఎవరే?"

"రాజకుమారి."

"ఎందుకేడ్సింది?"

"పెండ్లి ఆగింది గద. కిటికి కాడ నిలవడి ఏడ్సింది."

"నేను తల్లి అనుకున్న," అంది అమ్మ. కాస్త దూరం నడిచాక, "మొకం ఎట్లుండె?" అంది. చెప్పాను. ఇంకోసారి చెప్పమంది.

మరునాడు యజమాని ముందు వైపే మధ్యలో తాడు కట్టించాడు. ఒక పక్క ఆడవాళ్లు, ఒక పక్క మగవాళ్లు. ఆ సంగతి మా వాడకు తెలిసేసరికి సాయంత్రం అయిదయింది. అవ్వ, నేను ఇంకా గిన్నెలు తోముతున్నాం. అమ్మ అప్పటికే చాప చంకన పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది.

"ఎంతసేపే? ముందటి జాగ పోతది," అంది.