పిడకల మీద తీసిన కొలతలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికీ ఎవరి మీదా నమ్మకం ఉండేది కాదు. మా నాయనమ్మ ఊళ్లోవాళ్ల పాలనే కాదు, తన బర్రెను తానే పిండి, ఆ పాలను కూడా వెలుతురులో పెట్టి అనుమానంగా చూసేది. అమ్మ తక్కువ మాట్లాడేది గానీ, చుట్టం గడప దాటి మంచినీళ్లు తాగేలోపే ఆయన ఎందుకొచ్చి ఉంటాడో తేల్చేసుకునేది. ఆ ఇద్దరి మధ్య పెరిగినదాన్ని, నాకు మాత్రం ఎక్కడ తప్పుతుంది! ఇంత వయసొచ్చాక కూడా కూరగాయలవాడు నవ్వుతూ పలకరిస్తే నా చూపు ముందు తక్కెడ మీదికే పోతుంది. మా కోడలు పక్కకు తిరిగి నవ్వుకుంటుంది. నవ్వుకోనీ.

మాది తాండూరు నుంచి కరణ్‌కోట వైపు పోయే దారిలో, బండల షెడ్లను ఆనుకుని పుట్టిన చిన్న వాడ. నాన్న పోయాక అమ్మ అక్కడొక షెడ్డులో పనికి కుదిరింది. గని నుంచి వచ్చిన నాపరాళ్లను మిషను కోస్తుంటే, కోసిన బండల్ని ఇద్దరిద్దరు ఆడవాళ్లు ఎత్తి వరసగా నిలబెట్టాలి. తడి బండ అంచు కత్తిలా ఉంటుంది. రాతిపొడి కలిసిన నీళ్లలో నాని నాని వాళ్ల అరచేతుల్లో గీతలు కూడా అరిగిపోయాయి. అందరూ వేళ్లకు పేలికలు చుట్టుకునేవారు.

అమ్మ కుడిచేతి చిటికెన వేలికి చుట్టుకున్న పేలిక సంగతి వేరు. అప్పటికి రెండేళ్ల కింద రెండు బండల నడుమ నలిగి ఆ వేలి పై కణుపు పోయింది. దెబ్బ మానిందని షెడ్డులో చెప్పింది గానీ, వేలు సగమే మిగిలిందని చెప్పలేదు. చెయ్యి పాడైన మనిషిని మేస్త్రి బండ పట్టనివ్వడు, బండ పట్టని మనిషికి షెడ్డులో పని లేదు. మా ముగ్గురి తిండీ ఆ చెయ్యి మీదే. అందుకని ఆ వేలి సంగతి ఇంట్లో మేం ముగ్గురం గుట్టుగా కాపాడుకున్నాం.

ఒకరోజు షెడ్డుకు గ్లౌజులు వచ్చాయి. ఎక్కడో మగవాళ్ల కోసం చేసిన మందపాటి తొడుగులవి. మా ఆడవాళ్లు తొడుక్కుంటే ప్రతి వేలి చివరా అంగుళం ఖాళీగా వేలాడేది. ఒకామె తొడుగు కొస రెండు బండల మధ్య ఇరుక్కుపోయి, చెయ్యి లాక్కునేసరికి ప్రాణం పోయినంత పనైంది. దాంతో వాటికి చేతి సంచులని పేరు పెట్టి అందరూ మేకులకు తగిలించేశారు. మేస్త్రి తిట్టి తిట్టి, చివరికి షెడ్డుకు టార్పాలిన్లు కుట్టిచ్చే మా పక్కింటి అక్కకు ఆ పని అప్పజెప్పాడు. ఆడవాళ్ల చేతులకు సరిపోయేట్టు కుట్టమన్నాడు.

పక్కింటి అక్కది యాలాల్ వైపు ఏదో ఊరు. పెళ్లయి వచ్చి ఏడాది కాలేదు. మొగుడు లారీ మీద పోతే వారానికొకసారి వచ్చేవాడు. మిగిలిన రోజులన్నీ ఆమె, ఆమె కుట్టుమిషను. నన్ను చెల్లె అనేది, అమ్మను చిన్నమ్మ అనేది. ఒక సాయంత్రం పెన్సిలు, కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. చెయ్యి కాగితం మీద పెడితే చుట్టూ గీసుకుంటానంది. ఒక్కరూ పెట్టలేదు. బండలెత్తే కొత్త మిషను వస్తోందని, మంచి చేతులవాళ్లను ఉంచుకుని మిగిలినవాళ్లను పంపించేస్తారని అప్పటికే గుసగుసలున్నాయి. మా ఇంట్లోనైతే నాయనమ్మ తలుపు సగమే తీసింది.

"చెయ్యి గీసుకపోయి సేటుకు చూపిస్తవా? పో బిడ్డా, మాకేం సంచులద్దు" అంది.

అమ్మ చెయ్యి అప్పటికే కొంగులోకి పోయింది. అక్క ఇంకేమీ అనకుండా కాగితాలు చుట్టుకుని వెళ్లిపోయింది. అంత తేలిగ్గా వెళ్లిపోయేసరికి నాకు అనుమానం రెట్టింపైంది. నిజంగా పని ఉన్న మనిషి మళ్లీ అడగదా?

నాలుగు రోజుల తర్వాత తెల్లవారుజామున బర్రె దగ్గరికి పోతూ నేను ఆమెను చూశాను. మా ఇంటి వెనక గోడ నిండా అమ్మ కొట్టిన పిడకలుండేవి. అమ్మ పొద్దున్నే పేడ కలిపి, గోడకు పిడకలు కొట్టి, అప్పుడు షెడ్డుకు పోయేది. ఆమె అటు వెళ్లగానే పక్కింటి అక్క గోడ దగ్గరికి వచ్చింది. అటూ ఇటూ చూసింది. తడి పిడక మీద దారం పరిచింది. ముడి వేసింది, జరిపింది, మళ్లీ ముడి వేసింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. తర్వాత పెంట పక్కన పడేసిన అమ్మ పాత చీర పేలికలోంచి ఒక ముక్క చింపి ఆ దారానికి కట్టి, జాకెట్లో దోపుకుంది. మర్నాడు వచ్చింది. ఆ మర్నాడు కూడా వచ్చింది. తర్వాత వేరే ఇళ్ల వెనక కూడా ఆమెను చూశాను.

ఆ తర్వాత మూడోనాడు అమ్మ కుడిచెయ్యి వాచింది. మణికట్టు దాకా ఎర్రగా, ఇడ్లీలా ఉబ్బింది.

మా వైపు ఆ రోజుల్లో బాణామతి, అదే చేతబడి, అన్న మాట వింటే పెద్దవాళ్లకే చెమటలు పట్టేవి. పక్క ఊళ్లో ఒక ముసలాయన బాణామతి చేశాడని అనుమానించి, మంత్రం పలక్కుండా పళ్లు ఊడగొట్టారని విని ఉన్నాం. అంతా తెలిసీ, నేను నాయనమ్మ దగ్గరికి పోయి చూసిందంతా చెప్పాను. దారం చెప్పాను, ముళ్లు చెప్పాను, చీర పేలిక చెప్పాను. ఏమన్నా చదివిందా అని నాయనమ్మ అడిగింది. చదివింది అన్నాను. మంత్రం చదివింది, నేను విన్నాను అన్నాను. నిజానికి నాకు వినబడింది బర్రె మెడలో గంట ఒక్కటే.

గంటలో వాడంతా ఆమె ఇంటి ముందుంది. ఒకాయన లోపలికి పోయి, మేకుకు వేలాడుతున్న దారాల కట్ట పట్టుకొచ్చి వాకిట్లో విసిరాడు. ఒక్కో దారానికి ఐదారు ముళ్లు, ఒక్కో దారానికి ఒక్కో ఇంటి చీర పేలిక. ఎవరి పేలికను వాళ్లు గుర్తుపట్టి ఆడవాళ్లు గుండెలు బాదుకున్నారు. ఎవరో రాయి తీశారు. మా నాయనమ్మ నన్ను రెక్క పట్టి ముందుకు లాగి, చూసిన పిల్ల ఇదిగో అని చూపించింది. అక్క నా వైపు చూసింది. తిట్టలేదు. ఏడవలేదు. నేను అన్న ఒక్క మాటకు ఈమె పళ్లు పోతాయని అప్పుడు అర్థమైంది నాకు. అర్థమయ్యాక కూడా నోరు రాలేదు. ఇది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అప్పటికి అమ్మ షెడ్డు నుంచి వచ్చింది, వాచిన చేతిని గుండెకు ఆనించుకుని. అక్క మెల్లగా వంగి, అరుగు మీదున్న కుట్టుమిషను కింది నుంచి ఒక తొడుగు తీసి అమ్మకు చాచింది.

"చిన్నమ్మా, గిది తొడిగి చూడు. సరిపోకుంటే గప్పుడు కొట్టుండ్రి."

తొడగొద్దని అందరూ అరిచారు. నాయనమ్మ అందరికంటే గట్టిగా అరిచింది. అమ్మ ఆ తొడుగును చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. ఆ తర్వాత ఇన్నాళ్లూ ఎవరి ముందూ విప్పని పేలికను విప్పింది. వాచిన చెయ్యి నొప్పికి పళ్లు బిగించి తొడుక్కుంది. వాపుకు అరచేతి దగ్గర కాస్త బిగుసుకుంది గానీ వేళ్లు సరిగ్గా కూర్చున్నాయి. చూపుడు వేలు చివర ఖాళీ లేదు. చిటికెన వేలి గూడు సగమే కుట్టి ఉంది, అమ్మ వేలు ఎక్కడ ఆగుతుందో అక్కడే ఆగింది.

"నా వేలు నీకెట్ల ఎరుకనే?" అంది అమ్మ. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"మీ గోడ మీద గా వేలు రోజు పొట్టిగనే పడ్తది గద చిన్నమ్మా. పిడక ఎండినంక ముడుసుకపోతది, అందుకే పచ్చిగున్నప్పుడే కొలిసిన. అడిగితె మీరు చెయ్యి ఇయ్యకపోతిరి."

రెండేళ్లుగా ఆ గోడ పక్కనుంచే అందరూ నడిచారు. నేను ఆ గోడ కిందే ఆడుకున్నాను. ప్రతి పిడక మీదా అమ్మ చెయ్యి ఐదు వేళ్లతో కాదు, నాలుగున్నర వేళ్లతో, కళ్ల ముందే ఉంది. అంత అనుమానం పెట్టుకుని ప్రతిదీ తేరిపార చూసే నా కళ్లకు అది కనిపించలేదు.

రాయి తీసిన మనిషి దాన్ని చప్పుడు కాకుండా కింద పెట్టాడు. అక్క లోపల్నుంచి మిగిలిన తొడుగులు తెచ్చి, పేలికల గుర్తు చూసుకుంటూ ఎవరిది వాళ్లకు ఇచ్చింది. పాత టార్పాలిన్ గుడ్డతో కుట్టింది. అరచేతి వైపు సైకిల్ ట్యూబు ముక్కలు వేసింది, తడి బండ జారకుండా. వెనక వైపు పలుచని నూలు గుడ్డ వేసింది, చెమట పట్టకుండా. కుట్లన్నీ బయటికి వదిలింది. కుట్టు లోపలికి వస్తే గోరు పక్కన ఒరుసుకుని పుండవుతుందట. బొటనవేలును మిగతా వేళ్లతో కలపకుండా పక్కకు విడిగా కూర్చోబెట్టింది. ఇదంతా ఆమె చెబుతుంటే, కాసేపటి కింద ఆమెను చంపేట్టున్నవాళ్లే దగ్గరికి జరిగి వింటున్నారు.

అప్పుడు ఒకామె అడిగింది, అన్నీ కుడిచేతివే ఉన్నాయేమని. అక్క ముఖంలో మొదటిసారి కొంచెం విసుగు కనిపించింది. పిడక కొట్టేది కుడిచేత్తోనే కదా, ఎడమచెయ్యి ఏ గోడ మీద వెతకాలి అంది. చిన్నమ్మ వేలు చూశాక, ఎవరికైనా రెండు చేతులూ ఒకేలా ఉంటాయని నమ్మి కుట్టలేనంది. ఎడమచెయ్యి కావాలంటే మీరే ఇవ్వాలంది.

అందరికంటే ముందు అమ్మే కూర్చుని ఎడమచెయ్యి చాపింది. వెనకాలే ఒక్కొక్కరూ కూర్చున్నారు. తప్పైందని ఎవరూ అనలేదు. మా వాళ్లకు ఆ మాట రాదు, చెయ్యి చాపడమే తెలుసు. నాయనమ్మ మాత్రం కొలతలైపోయేదాకా దారాన్ని కంటితో కాపలా కాసింది. అలవాటు ఎక్కడికి పోతుంది!

అమ్మ చేతి వాపు సంగతి తాండూరు ఆసుపత్రిలో తేలింది. అరచేతిలో చిన్న రాతిపెచ్చు దిగి చీము పట్టింది, అంతే. వేలి సంగతి మేస్త్రికి తెలియకుండా ఉండలేదు. ఆయన పంపించేయాలనే చూశాడు. అయితే ఆ తొడుగు వేసుకుని అమ్మ మిగతావాళ్లకంటే తొందరగా బండలు నిలబెడుతుంటే ఆయనకు అనడానికేమీ దొరకలేదు. తర్వాత చాలా ఏళ్లు అమ్మ ఆ పని చేసింది. తొడుగు చిరిగినప్పుడల్లా అక్క కొత్తది కుట్టింది.

ఒకరోజు అక్క నన్ను పిలిచింది. తన చెయ్యి నేల మీద పరిచి, నా చేతికి దారమిచ్చి, కొలవమంది. నేను వేలి మొదటినుంచి చివరిదాకా దారం పరిచి, ముడి వేసి, ఎన్నో ముడో మరిచిపోకుండా లెక్కపెట్టుకుంటూ పోయాను. చిటికెన వేలి దగ్గరికి వచ్చేసరికి ఆమె నా ముఖంలోకి చూస్తోంది.

"ఏం సదువుతున్నవ్ చెల్లె?" అంది.

అప్పుడు తెలిసింది నా పెదవులు కదులుతున్నాయని. ఏడ్చేశాను. ఆమె నా తల మీద చెయ్యి వేసింది గానీ ఊరుకోమని అనలేదు. ఏడవాల్సినంత ఏడవనిచ్చింది.

నా అనుమానం ఆ రోజుతో పోయిందని చెబితే అది అబద్ధం. ఈ వయసులో పోతుందన్న ఆశ కూడా లేదు. పోకపోయినా, ఎవరి గురించైనా చెప్పబోయేముందు నేను చూసింది ఎంతవరకో, అక్కడినుంచి నేను అల్లింది ఎంతో నాలో నేను విడదీసుకుంటాను. అందుకు కారణం అక్క నన్ను మన్నించడం కాదు. ఆ తర్వాత ఆమె మా వాడలో ఉన్నన్ని రోజులూ ఎవరింటికి వెళ్లినా, సందు మొదటినుంచే "నేను వస్తున్న, నేను వస్తున్న" అని గట్టిగా కేకేసుకుంటూ వచ్చేది. పిల్లలు నవ్వేవారు, అదొక అలవాటు అనుకునేవారు. అలవాటు కాదని నాకు తెలుసు. చుట్టూ ఎవరూ లేని మిట్టమధ్యాహ్నం కూడా, ఖాళీ చేతులు రెండూ అందరికీ కనిపించేట్టు ముందుకు పెట్టుకుని, అలా అరుచుకుంటూ నడిచేది.