పురుగుకు గట్టు తెలియదు

ఆలూరు దగ్గర మాకున్న రెండెకరాల్లో సగం నాగజెముడే ఏలుతుండేది. నరికితే ముక్క పడినచోటల్లా మళ్లీ మొలిచేది. ఒకసారి అత్తగారి ఊర్లో దూదిలాంటి తెల్లటి పురుగు పట్టి కుళ్లిపోతున్న నాగజెముడు చూసి, మా చేలో దానికీ ఆ పురుగు పట్టిద్దామని నాలుగు మట్టలు గోతంలో వేసుకున్నాను.

"ఏం బావా, కొత్త పంచె ఈడ మర్చిపోయి రోగాన్ని మూట కట్టుకొని పోతాండావే" అన్నాడు బామ్మర్ది.

ఏడాది తిరిగేసరికి నా చేను బయలైంది. కానీ పురుగులు గట్టు దాటి, పక్కచేను మామ కంచెను పట్టుకున్నాయి. అదీ నాగజెముడే, వాళ్ల తాత నాటింది. అది పడిపోతే ఊరి మేకలన్నీ ఆయన చేలోనే మేస్తాయి.

"నీ పురుగు నా కంచె తినేసిండాదిరా" అన్నాడు మామ.

"నా చేను వరకే తినమన్నా మామా. అదీ నా మాదిరే బడి మానేసింది, చెప్తే వినదు."

ఆయన నవ్వలేదు. తుమ్మకంప కొట్టి కొత్త కంచె నేనే వేయాల్సి వచ్చింది. పాత కంచె బండిబాటంత వెడల్పుండేది, కంపకు మూరెడు చాలింది. మిగిలిన జాగాలో మామ నాలుగు సాళ్లు కొర్ర విత్తుకున్నాడు. ఎవరైనా అడిగితే మాత్రం నా పురుగును తిడుతూనే ఉండేవాడు.